సెల్ఫ్ మోటారు: విప్పడానికి ముందు, విప్పిన తర్వాత

పెట్రోలు ఇంజను తనంతట తాను మొదలు కాలేదు. పిస్టన్ కదిలితేనే సిలిండర్‌లోకి పెట్రోలు, గాలి వస్తాయి. అవి మండితేనే పిస్టన్ కదులుతుంది. ఈ ముడిని విప్పడానికి మొదటి రెండు మూడు చుట్లు బయటి నుంచి ఎవరో తిప్పి పెట్టాలి. కిక్ రాడ్ మీద కాలు చేసే ఆ పనిని బటన్ నొక్కితే చేసి పెట్టేదే స్టార్టర్ మోటారు. మన మెకానిక్ షెడ్లలో దాన్ని సెల్ఫ్ మోటారు అంటారు, ఇంకా పొట్టిగా సెల్ఫ్ అంటారు. పదేళ్లు దాటిన బండిలో ‘సెల్ఫ్ పోయింది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజంగా మోటారే పోయిన సందర్భాలు మాత్రం అందులో కొన్నే. బ్యాటరీ నీరసించడం, టెర్మినల్ వదులు కావడం, రిలే లోపలి కాంటాక్టు మాడిపోవడం, వన్‌వే క్లచ్ జారిపోవడం కూడా బయటి నుంచి చూస్తే మోటారు పాడైనట్టే కనిపిస్తాయి. అందుకే స్పానర్ చేతికి తీసుకోవడానికి ముందే చేయాల్సిన పని చాలా ఉంటుంది.

సెల్ఫ్ వ్యవస్థలో కరెంటు రెండు దారుల్లో ప్రవహిస్తుంది. ఒకటి సన్నని తీగల దారి. ఫ్యూజు, హ్యాండిల్ మీది బటన్, బండిని బట్టి న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ దాటుకుని రిలే కాయిల్ దాకా వెళ్తుంది. ఇందులో పారేది కొద్దిపాటి కరెంటే. రెండోది లావు కేబుళ్ల దారి. బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలేకి, రిలే నుంచి మోటారుకి, మోటారు బాడీ నుంచి ఇంజనుకి, ఇంజను నుంచి ఎర్త్ కేబుల్ ద్వారా తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి. అసలు బరువు మోసేది ఈ దారే. చిన్న బండిలో కూడా ఇందులో పదుల ఆంపియర్ల కరెంటు పారుతుంది. పెద్ద ఇంజన్లలో వంద దాటడం మామూలే. అంత కరెంటును చిన్న బటన్ తట్టుకోలేదు. కాబట్టి బటన్ రిలేని కదిలిస్తుంది, రిలే మోటారుని కదిలిస్తుంది.

మోటారు లోపలి అమరిక సులువైనదే. ఉక్కు గొట్టం లోపలి గోడకు శాశ్వత అయస్కాంతాలు అతికించి ఉంటాయి. బాగా పాత మోటార్లలో వాటి స్థానంలో తీగ చుట్టిన ఫీల్డ్ కాయిళ్లు కనిపిస్తాయి. మధ్యలో తిరిగేది ఆర్మేచర్. దాని ఒక చివర రాగి పలకలతో కట్టిన కమ్యూటేటర్ ఉంటుంది. ఆ పలకలను స్ప్రింగు ఒత్తిడితో రాసుకుంటూ ఉండే కార్బన్ బ్రష్‌లు ఆర్మేచర్‌కు కరెంటు అందిస్తాయి. మెకానిక్‌ల నోట ఇవి ఉత్త ‘కార్బన్లు’. అరిగిపోవడానికే పుట్టిన భాగాలివి.

మోటారు తిరుగుతున్నప్పుడు దాని చుట్లలోనే బ్యాటరీకి ఎదురుగా ఒక వోల్టేజి పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఎదురు వోల్టేజి పెరిగి, మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. అంటే మోటారు ఎంత నెమ్మదిగా తిరిగితే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. తిరగకుండా నిలిచిపోతే అన్నిటికన్నా ఎక్కువ. బటన్ నొక్కిన తొలి క్షణమే బ్యాటరీకి గడ్డు క్షణం కావడానికి కారణం ఇదే. తిరగని మోటారు మీద బటన్ పట్టుకుని నిలబడితే ఆ కరెంటంతా వేడిగా మారి చుట్ల మీది వార్నిష్‌ను కాల్చేస్తుంది. ఐదు సెకన్లకు మించి నొక్కకుండా, మళ్ళీ నొక్కే ముందు పది పదిహేను సెకన్లు ఆగాలనే నియమం అక్కడి నుంచి వచ్చిందే.

సెల్ఫ్ మోటారు పుట్టుకలోనే ఈ కొద్దిసేపటి సూత్రం ఉంది. అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెట్టరింగ్ 1911 ప్రాంతంలో కారుకు విద్యుత్ స్టార్టర్ తయారు చేశారు. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో అది వచ్చింది. అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో డబ్బు పెట్టె యంత్రానికి మోటారు బిగించారు. ఆ పెట్టె తెరుచుకోవడానికి మోటారు ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు, రోజంతా తిరగనక్కర్లేదు. కొన్ని సెకన్లే పనిచేసే మోటారు మీద దాని స్థాయికి మించిన బరువు వేయవచ్చనే ఈ ఎరుకే కారు స్టార్టర్‌ను కారులో పట్టేంత చిన్నది చేసింది. బైకుల్లో మొదటి ప్రయత్నం అంత బాగా సాగలేదు. 1914లో ‘ఇండియన్’ అనే పేరున్న బైకుల కంపెనీ విడుదల చేసిన హెండీ స్పెషల్ అనే బండికి విద్యుత్ స్టార్టర్ ఉండేది. అప్పటి బ్యాటరీలు ఆ పనికి నిలవలేక ఆ మోడల్ ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. మన దేశంలో కుటుంబాలు సెల్ఫ్ బటన్‌కు అలవాటు పడింది 1980ల మధ్యలో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటర్‌తో. హెండీ స్పెషల్‌ను ముంచిన బ్యాటరీయే ఇప్పటికీ సెల్ఫ్ ఫిర్యాదుల్లో మొదటి ముద్దాయి.

పరీక్ష చెవితో మొదలవుతుంది. బటన్ నొక్కితే ఏ చప్పుడూ లేకపోతే సన్నని తీగల దారిని అనుమానించాలి: ఫ్యూజు, బటన్ లోపలి తుప్పు, న్యూట్రల్ స్విచ్, క్లచ్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్. ఒకే ఒక్క ‘టక్’ మని ఆగిపోతే రిలే కదిలింది, కానీ లావు దారిలో కరెంటు పారలేదని అర్థం. ‘టకటకటక’ మని వరసగా కొట్టుకుంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. రిలే మూసుకోగానే మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది, రిలే కాయిల్ పట్టు వదులుతుంది, బరువు తగ్గగానే వోల్టేజి లేస్తుంది, రిలే మళ్ళీ మూసుకుంటుంది. మూలుగుతూ బరువుగా తిరిగితే బ్యాటరీ, కేబుళ్లు, మోటారు మూడింటి మీదా అనుమానం ఉంటుంది. మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఇంజను మాత్రం కదలకపోతే మోటారు బాగానే ఉంది. దాని పట్టు ఇంజనుకు అందడం లేదు. చాలా బైకుల్లో మోటారుకీ క్రాంక్‌కీ మధ్య వన్‌వే క్లచ్ ఉంటుంది. మోటారు తిరిగితే క్రాంక్‌ను పట్టుకుంటుంది, ఇంజను అందుకోగానే వదిలేస్తుంది. దాని రోలర్లు అరిగినా స్ప్రింగులు వంగినా పట్టు జారిపోతుంది. ఆ పని కోసం మ్యాగ్నెట్ వైపు కవర్ తెరవాలి కానీ మోటారుని విప్పి లాభం లేదు.

వీటన్నిటికీ ముందు ఇంజను స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడటం మంచిది. కిక్ రాడ్‌ను చేత్తో నొక్కి చూడవచ్చు. కిక్ లేని బండిని పై గేరులో వేసి, స్పార్క్ ప్లగ్ తీసి, వెనక చక్రం తిప్పి చూడవచ్చు. పట్టేసిన ఇంజను ముందు ఏ మోటారైనా ఓడిపోతుంది.

బ్యాటరీ దగ్గర ఒక చిక్కు ఉంది. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టమని, వెలుగు మసకబారితే బ్యాటరీ నీరసమని విదేశీ మాన్యువళ్లు చెబుతాయి. మన పాత వంద సీసీ బళ్లలో చాలావాటికి హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీగా వస్తుంది. ఇంజను తిరగకపోతే అది వెలగనే వెలగదు. అలాంటి బళ్లలో న్యూట్రల్ లైటునో, ఇండికేటర్‌నో సాక్షిగా పెట్టుకోవాలి. హార్న్ గట్టిగా మోగుతోంది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం మరో పొరపాటు. హార్న్‌కు రెండు మూడు ఆంపియర్లు చాలు. ముసలి బ్యాటరీ కూడా అంత ఇవ్వగలదు. మల్టీమీటర్‌తో చూస్తే నిండుగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ. అయితే విశ్రాంతిలో చూపే అంకెను ఒంటరిగా నమ్మకూడదు. బటన్ నొక్కి పట్టుకుని అదే టెర్మినళ్ల మీద చూడాలి. అప్పుడు పది వోల్టుల దగ్గర నిలిస్తే బ్యాటరీ పాసైనట్టు. ఏడుకో ఆరుకో జారిపోతే ముందు చార్జ్ చేసి, మళ్ళీ అదే పరీక్ష పెట్టాలి. చార్జ్ చేశాకా జారిపోతే బ్యాటరీ మార్చడమే.

బ్యాటరీ పాసైతే తర్వాతి వంతు కేబుళ్లది. సెల్ఫ్ రోగాల్లో అందరూ దాటేసే భాగం ఇదే, తేలిగ్గా నయమయ్యేదీ ఇదే. ఒక టెర్మినల్ నట్టు కింద తుప్పు పట్టి 0.05 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. మామూలు మల్టీమీటర్ ఓమ్ రేంజిలో దాన్ని పట్టలేదు. దాని తీగల నిరోధమే అంతకన్నా ఎక్కువ. కానీ 50 ఆంపియర్లు పారినప్పుడు ఆ ఒక్క కీలు దగ్గరే 2.5 వోల్టులు పోతాయి, 125 వాట్లు వేడిగా మారతాయి. మడికి చేరాల్సిన నీటిని బోదె దగ్గరే మళ్ళించుకున్నట్టు, మోటారుకు అందాల్సిన వోల్టేజి దారిలోనే ఖర్చవుతుంది. సెల్ఫ్ రెండు మూడు సార్లు కొట్టాక టెర్మినళ్లను చేత్తో తాకితే వేడెక్కిన చోటు దొరకడం వెనక ఉన్న లెక్క ఇదే.

కాబట్టి ఇక్కడ కొలవాల్సింది ఓమ్‌లు కాదు, కరెంటు పారుతున్నప్పుడు పోయే వోల్టులు. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ఎర్ర ప్రోబ్‌ను బ్యాటరీ పాజిటివ్ మొన మీద, నల్ల ప్రోబ్‌ను మోటారు టెర్మినల్ బోల్టు మీద ఆనించాలి. బటన్ నొక్కకముందు మీటర్ పన్నెండు పైచిలుకు చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. రిలే తెరిచి ఉంది కనుక అలా కనిపిస్తుంది. బటన్ నొక్కగానే అంకె కిందికి దూకి అర వోల్టు లోపు నిలవాలి. ఒకటో రెండో చూపిస్తే కేబుల్‌లోనో రిలేలోనో దొంగ ఉన్నాడు. ఒక్కో కీలు దాటుకుంటూ ప్రోబ్ జరిపితే ఎక్కడున్నాడో తెలుస్తుంది. తర్వాత ఎర్త్ వైపు: నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబ్ మోటారు బాడీ మీద. ఇక్కడ 0.2 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. రంగు వేయించిన పాత బళ్లలో ఎర్త్ కేబుల్ లగ్ కింద రంగు పొర ఉండిపోవడం తరచూ జరిగేదే. లగ్ విప్పి లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే ‘పోయిన’ మోటారు లేచి తిరుగుతుంది.

రిలే మీద అనుమానం మిగిలితే దాని రెండు లావు టెర్మినళ్లనూ మందపాటి తీగతో ఒక్క క్షణం కలిపి చూడవచ్చు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, మెయిన్ స్టాండ్ వేసి ఉండాలి, దగ్గర్లో పెట్రోలు వాసన ఉండకూడదు; నిప్పురవ్వలు తప్పవు. ఇలా కలిపితే మోటారు చురుగ్గా తిరిగి, బటన్‌తో తిరగకపోతే తప్పు రిలేదో దాని వెనక ఉన్న స్విచ్చులదో. కలిపినా తిరగక, బ్యాటరీ, కేబుళ్లు పాసైతే అప్పుడు మోటారు విప్పడానికి న్యాయమైన కారణం దొరికినట్టు.

విప్పడంలో మొదటి నియమం బ్యాటరీ నెగటివ్ ముందు తీయడం. ఫ్రేమ్ అంతా నెగటివే కాబట్టి, ముందు పాజిటివ్ విప్పుతూ స్పానర్ ఫ్రేమ్‌కు తగిలితే బ్యాటరీ షార్టవుతుంది. నెగటివ్ తీసేశాక పాజిటివ్ విప్పే స్పానర్ ఫ్రేమ్‌కు తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

మోటారు కొన్ని బళ్లలో సిలిండర్ వెనక కార్బురేటర్ కింద ఉంటుంది, కొన్నింటిలో ముందు వైపు సైలెన్సర్ గొట్టం దగ్గర. పొజిషన్ ఏదైనా ముందు చుట్టూ బురద, నూనె జిడ్డు కడిగి ఆరబెట్టాలి. మోటారు తీసిన రంధ్రం నేరుగా ఇంజను లోపలికి తెరుచుకుంటుంది. టెర్మినల్ మీది రబ్బరు టోపీ వెనక్కి జరిపితే కేబుల్ నట్టు కనిపిస్తుంది. దాని కింద బాడీకి ఆనుకుని ఇంకో నట్టు ఉంటుంది. తుప్పు పట్టిన పై నట్టును బలంగా తిప్పితే బోల్టే లోపల తిరిగి, దాన్ని బాడీ నుంచి వేరుచేసే ఇన్సులేటర్ ముక్కలవుతుంది. బాగున్న మోటారు పాడయ్యేది ఇక్కడే. కింది నట్టును ఒక స్పానర్‌తో పట్టుకుని పైదాన్ని ఇంకో స్పానర్‌తో విప్పాలి.

మోటారుని ఇంజనుకు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు 6 ఎం.ఎం. బోల్టులు. అల్యూమినియం కేసులో ఏళ్ల తరబడి ఉన్న ఉక్కు బోల్టు పట్టేసి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచితే విరగకుండా వస్తుంది. బోల్టులు వచ్చాక కూడా మోటారు కదలదు. దాని మూతి చుట్టూ ఉన్న ఓ రింగు కేసులో అతుక్కుని ఉంటుంది. చేత్తో అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా బయటికి లాగాలి. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే అల్యూమినియం అంచు చిట్లి ఆయిల్ లీకేజీ మొదలవుతుంది. సుత్తితో బాడీ మీద కొట్టడం అంతకన్నా చేటు. లోపలి ఫెర్రైట్ అయస్కాంతాలు పెళుసైనవి, పగలవచ్చు, జిగురు వదిలి ఊడిపోవచ్చు. ఊడిన అయస్కాంతం ఆర్మేచర్‌ను పట్టేస్తుంది.

బయటికి తీసిన మోటారుని తెరవకముందే ఒకసారి బ్యాటరీ మీద తిప్పి చూడాలి. జంపర్ కేబుల్‌తో నెగటివ్‌ను బాడీకి బిగించి, పాజిటివ్‌ను టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకిస్తే సరి. మోటారు ఒక్కసారిగా మెలి తిరుగుతుంది కాబట్టి వైస్‌లో మెత్తటి గుడ్డ మధ్య బిగించడమో, కాలితో గట్టిగా అదిమి పెట్టడమో చేయాలి. బరువు లేకుండా చురుగ్గా తిరిగినంత మాత్రాన మోటారు బాగున్నట్టు కాదు. అరిగిన కార్బన్లు ఖాళీ మోటారుని తిప్పగలవు, కంప్రెషన్ ఎదురైనప్పుడు చేతులెత్తేస్తాయి. తిరగకపోవడం, ఆగి ఆగి తిరగడం, లోపల గీసుకుంటున్న చప్పుడు రావడం మాత్రం తప్పు లోపలే ఉందని చెప్పే గట్టి ఆధారాలు.

తెరిచే ముందు రెండు మూతలూ గొట్టాన్ని తాకే చోట మార్కర్‌తో గీత గీయాలి. మూత తిరగబడి బిగిస్తే కార్బన్ల స్థానం మారి మోటారు బలహీనపడవచ్చు, కొన్ని మోటార్లు ఎదురు దిశలో కూడా తిరుగుతాయి. రెండు పొడవాటి బోల్టులు తీస్తే మూతలు వస్తాయి. వాటితో పాటు ఆర్మేచర్ చివరల నుంచి పలుచని వాషర్లు జారిపడతాయి. ఏ చివర ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవడం ఉత్తమం.

లోపల మొదట కనిపించేది నల్లటి పొడి. అది అరిగిన కార్బన్. పొడిగా ఉంటే బ్రష్‌తో దులిపితే పోతుంది. జిగటగా, నూనెతో ముద్దలా ఉంటే ఇంజను వైపు ఆయిల్ సీల్ పోయిందని లెక్క. ఆ సీల్ మార్చకుండా ఎన్ని కార్బన్లు వేసినా కొన్నాళ్లకే మొదటికి వస్తుంది. కార్బన్ పొడి కరెంటును మోసుకుపోతుంది కాబట్టి ఆ ముద్ద పాజిటివ్ కార్బన్‌కూ బాడీకీ మధ్య వంతెన కట్టి కరెంటును పక్కదారి పట్టిస్తుంది. కార్బన్ పొడవు కొలిచి మాన్యువల్‌లోని హద్దుతో పోల్చాలి. కొత్తది సుమారు 10, 12 ఎం.ఎం. ఉండే బళ్లలో సగానికి వచ్చినది మార్చాల్సిందే. పొడవు మిగిలి ఉన్నా గూటిలో ఇరుక్కుని స్ప్రింగు నెట్టినా కదలని కార్బన్ కూడా పనికిరాదు.

కమ్యూటేటర్ పలకలు గోధుమ రంగుకు తిరిగి నునుపుగా ఉంటే ఆరోగ్యమే. జతలు జతలుగా పలకలు నల్లబడి ఉంటే ఆ చుట్లు లోపల ఎర్త్ అయ్యాయని అనుమానించాలి. పలకల మధ్య మైకా గాడి కార్బన్‌తో పూడిపోతే సన్నని మొనతో గీకి తీయాలి. మైకా పలకలతో సమానంగా పైకి వస్తే కార్బన్ ఎగిరెగిరి పడి నిప్పులు రాలుతాయి. మాసిన పలకలను ఎమరీ పేపర్‌తో రుద్దకూడదు, దాని గరుకు రేణువులు గాడిలో, రాగిలో ఇరుక్కుంటాయి. చాలా సన్నరకం ఉప్పుకాగితం కొందరు వాడతారు. కొన్ని కంపెనీల మాన్యువళ్లు దాన్నీ ఒప్పుకోవు, గుడ్డతో తుడిచి ఊరుకోమంటాయి.

మల్టీమీటర్ పరీక్షలు ఇక్కడ మూడు. పక్కపక్క పలకల మధ్య ఎక్కడ చూసినా బీప్ రావాలి. ఒక్క జత దగ్గర రాకపోతే ఆ చుట్టు తెగింది. ఏ పలకకూ ఇరుసుకూ మధ్య బీప్ రాకూడదు. వస్తే ఆర్మేచర్ ఎర్త్ అయింది. కార్బన్లను మోసే ప్లేటు ఆర్మేచర్ నుంచి విడిగా ఉన్నప్పుడు టెర్మినల్ బోల్టుకూ బాడీకీ మధ్య కూడా రాకూడదు. వస్తే ఇన్సులేటర్ పగిలింది. ఒక చుట్టు పక్క చుట్టుతో లోలోపల అతుక్కుపోతే మాత్రం మల్టీమీటర్‌కు అంతుపట్టదు, ఆ తేడా ఓమ్‌లో చిన్న భిన్నం. దానికి వైండింగ్ షాపులో గ్రోలర్ అనే పరికరం మీద పెట్టి చూడాలి. ఆర్మేచర్ ఒంటి మీద, అయస్కాంతాల మీద మెరిసే గీతలు ఉంటే బుష్ అరిగి ఇరుసు పక్కకు ఒరిగి రాసుకుంటోందన్నమాట. మూలుగుతూ తిరిగే మోటార్లలో కొన్నింటి జబ్బు ఇదే.

కార్బన్లు, ఓ రింగు, సీల్, బుష్ మార్చడంతో తీరే మోటార్లు చాలా ఉంటాయి. ఆర్మేచర్ తెగినా కాలినా పెద్ద మోటార్లకు రీవైండింగ్ గిట్టుబాటు అవుతుంది. చిన్న బండి మోటారుకు ఆ కూలీ కొత్త మోటారు ధరకు దగ్గర పడుతుంది కనుక మార్చడమే మేలు. ఎప్పుడో అమ్మకం ఆగిపోయిన మోడల్ అయితే లెక్క వేరు. కొత్తది దొరకనప్పుడు రీవైండింగే గతి.

తిరిగి కూర్చేటప్పుడు అయస్కాంతాలు ఆర్మేచర్‌ను లాక్కుంటాయి. గట్టిగా పట్టుకోకపోతే అది ఒక్క ఊపున లోపలికి దూసుకుపోయి కార్బన్లను విరగ్గొట్టవచ్చు, వేలు నలిపేయవచ్చు. ముందు కార్బన్లను వెనక్కి నెట్టి పట్టుకుని కమ్యూటేటర్ మీదికి జారనివ్వాలి, వాషర్లు ఫొటోలో ఉన్న వరసలో పెట్టాలి, గీతలు కలిశాక బోల్టులు బిగించాలి. కొత్త ఓ రింగుకు ఇంజన్ ఆయిల్ రాసి మోటారుని నేరుగా లోపలికి నొక్కాలి. బోల్టులతో లాక్కుని కూర్చోబెడితే ఓ రింగు మెలిపడి చిరుగుతుంది. 6 ఎం.ఎం. బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు; ఇంజను కేసు మెత్తని లోహం, అంతకు మించితే మరలు ఊడి వస్తాయి. మోటారు బాడీ ఇంజనుకు ఆనే చోటే దాని ఎర్త్ కాబట్టి ఆ ముఖాలు రెండూ శుభ్రంగా, రంగు లేకుండా ఉండాలి. కేబుల్ లగ్‌ను గీకి బిగించి రబ్బరు టోపీ ఎక్కించాక నెగటివ్ తగిలించాలి. చివరగా బటన్ నొక్కి పట్టుకుని బ్యాటరీ మొనల మీద, మోటారు టెర్మినల్ మీద వోల్టులు మళ్ళీ కొలిచి, ఆ అంకెలను తేదీతో సహా సర్వీసు పుస్తకంలో రాసి పెట్టుకుంటే తర్వాతి సారి సెల్ఫ్ మొరాయించినప్పుడు పోల్చి చూడటానికి పనికొస్తాయి.